లెక్కకెక్కని గాయాలు: ఉక్కు కార్మికుని వెన్నును కాపాడేది ఎవరు?

ఉక్కు కర్మాగారంలో పేలుడు సంభవిస్తే ఆ వార్త గంటలోనే దేశమంతటా తెలుస్తుంది. 2014 జూన్ 12న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో విషవాయువు వెలువడి ఆరుగురు మరణించినప్పుడు, 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ విభాగం వద్ద గ్యాస్ పైపులైను ప్రమాదంలో పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయినప్పుడు అదే జరిగింది. విచారణలు సాగాయి, అధికారులపై చర్యలు తీసుకున్నారు, భద్రతా నియమాలపై దేశవ్యాప్తంగా చర్చ నడిచింది. కానీ ఉక్కు పరిశ్రమలో మరో రకం గాయం ఉంది. దానికి శబ్దం లేదు, రక్తం కనబడదు, తేదీ ఉండదు. పదేళ్ల పాటు పార పట్టిన కార్మికుడు ఒక ఉదయం మంచం మీద నుంచి లేవలేకపోతాడు. అది ప్రమాదమని ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు. ఆ రోజు గేటు వద్ద అతని స్థానంలో మరొకరు నిలబడతారు.

వైద్యులు వీటిని వృత్తి సంబంధ కండరాల, కీళ్ల రుగ్మతలుగా వర్గీకరిస్తారు. నడుము, మెడ, భుజం, మోచేయి, మణికట్టు, మోకాలు ప్రధానంగా దెబ్బతినే భాగాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం అన్ని కారణాలనూ కలుపుకొని ప్రపంచంలో దాదాపు 171 కోట్ల మంది కండరాల, ఎముకల, కీళ్ల సమస్యలతో జీవిస్తున్నారు. ఒక్క నడుమునొప్పే 2020లో 61.9 కోట్ల మందిని బాధించిందనీ, 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చుననీ అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మనిషిని పనికి దూరం చేసే కారణాల్లో నడుమునొప్పిదే మొదటి స్థానం. ఇంతటి సమస్యకు మన పారిశ్రామిక భద్రతా వ్యవస్థలో దక్కుతున్న చోటు ఎంత అన్నదే ప్రశ్న.

రెండు తరగతుల శ్రామికులు

సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన భిలాయ్ కర్మాగారానికి 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. భారతీయ రైల్వేకు పట్టాలు అందించే ప్రధాన కేంద్రంగా భిలాయ్ ఎదిగింది. దేశం నలుమూలల నుంచి శ్రామికులు ఇక్కడికి తరలివచ్చారు. విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం వెంబడి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ ఈ ఉక్కునగరంలో ఉన్నాయి. కంపెనీ క్వార్టర్లు, పాఠశాలలు, సెక్టార్ 9లోని జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి స్థిర ఉద్యోగికి ఒక గౌరవప్రదమైన జీవితాన్ని ఇచ్చాయి.

దశాబ్దాలుగా స్థిర ఉద్యోగుల సంఖ్య తగ్గుతూ వస్తోంది, కాంట్రాక్టు శ్రామికులపై ఆధారపడటం పెరుగుతోంది. 1990ల నుంచి భిలాయ్‌లో సుదీర్ఘ క్షేత్ర పరిశోధన చేసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ తన 'క్లాసెస్ ఆఫ్ లేబర్' గ్రంథంలో ఈ ఇరువురినీ ఒకే కార్మిక వర్గంగా చూడలేమని వాదించారు. వేతనంలోనూ, భద్రతలోనూ, పిల్లల భవిష్యత్తులోనూ వారి మధ్య అంతరం అంత పెద్దది. ఆ అంతరం శరీరంలోనూ కనిపిస్తుంది. యంత్రం మీట నొక్కే పని ఒకరిదైతే, యంత్రం కింద రాలిన పొడిని ఎత్తిపోసే పని మరొకరిది.

ఉక్కు ఉత్పత్తిలో ప్రధాన ప్రక్రియలన్నీ యంత్రాల ద్వారానే సాగుతాయి. మిగిలిన చేతిపనులు ఆ యంత్రాల సందుల్లో ఉంటాయి. కన్వేయర్ బెల్టుల కింద పేరుకున్న ముడి ఇనుము, బొగ్గు పొడిని వంగి పారతో తీయాలి. కరిగిన ఇనుము ప్రవహించే కాలువలను గడ్డపారతో శుభ్రం చేయాలి. కొలిమి పాత్రల లోపల అగ్ని ఇటుకలు పేర్చాలి, అరిగిన పూతను గాలిసుత్తితో పగలగొట్టాలి. కళాసీలు బరువైన గొలుసులు, తాళ్లు, కప్పీలు భుజాన మోసుకొని ఇరుకైన మెట్లు ఎక్కాలి. నిర్మాణ పనుల్లో రేజాలుగా పిలిచే మహిళా కూలీలు తట్టలతో ఇటుక, ఇసుక తలపై మోస్తారు. వీటన్నిటికీ కొలిమి వేడి తోడవుతుంది. చెమటతో నీరు, లవణాలు కోల్పోయిన కండరం త్వరగా అలసిపోతుంది. అలసిన కండరం వెన్నుపూసలకు ఆసరాగా నిలవలేదు.

చట్టం దృష్టికి ఆనని నొప్పి

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ విషయాన్ని పూర్తిగా విస్మరించలేదు. గాయం కలిగించేంత బరువును ఎవరిచేతా ఎత్తించరాదని, మోయించరాదని ఆ చట్టం 34వ సెక్షన్ పేర్కొంది. గరిష్ఠ పరిమితులను నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. కానీ ఏ గాయాన్ని నివేదించాలన్న విషయంలో ఆ చట్టం పెట్టుకున్న కొలమానం వేరు. ప్రమాదం వల్ల 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోతేనే యాజమాన్యం నివేదించాలి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ఇదే కొలమానాన్ని నిలుపుకొంది. ప్రమాదం అంటే ఒక ఘటన. పదేళ్ల వంగుడు ఘటన కాదు. అందువల్ల అది గణాంకాల్లోకి రాదు.

ప్రమాదం కానిది వృత్తి వ్యాధి అయినా కావాలి కదా అన్న ప్రశ్నకూ చట్టంలో సంతృప్తికరమైన సమాధానం లేదు. తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధుల జాబితా ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో ఉండేది. సీసం విషప్రభావం, సిలికోసిస్, శబ్దం వల్ల కలిగే చెవుడు వంటి 29 వ్యాధులు అందులో ఉన్నాయి. బరువులు మోయడం వల్ల వచ్చే నడుమునొప్పి గాని, పునరావృత చలనాల వల్ల కలిగే మణికట్టు, భుజం రుగ్మతలు గాని లేవు. కొత్త కోడ్ మూడో షెడ్యూల్ కూడా అదే బాటలో నడిచింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ మాత్రం 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కండరాల, కీళ్ల రుగ్మతలకు ప్రత్యేక విభాగమే కేటాయించింది. మణికట్టు నరం నలగడం, మోకాలి చిప్ప వద్ద వాపు, మోచేయి స్నాయువుల నొప్పి పేరుపేరునా అందులో ఉన్నాయి.

జాబితాలో పేరు లేకపోవడం కేవలం సాంకేతిక లోపం కాదు. దాని విలువ రూపాయల్లో తేలుతుంది. నెలకు రూ.21,000 వరకు వేతనం పొందే శ్రామికులు కార్మిక రాజ్య బీమా పరిధిలోకి వస్తారు. పనిలో కలిగిన గాయంగా గుర్తిస్తే తాత్కాలిక అశక్తత భృతిగా వేతనంలో 90 శాతం, అశక్తత ఉన్నంతకాలం లభిస్తుంది. సాధారణ అనారోగ్యంగా నమోదైతే 70 శాతం మాత్రమే, అదీ ఏడాదికి 91 రోజులకు మించకుండా. రోజుకు రూ.600 వేతనం గల శ్రామికుడిని ఉదాహరణగా తీసుకుందాం. మొదటి సందర్భంలో రోజుకు రూ.540, రెండో సందర్భంలో రూ.420. 91 రోజులకు వ్యత్యాసం రూ.10,920. ఆ తరువాత మొదటి వ్యక్తికి భృతి కొనసాగవచ్చు, రెండో వ్యక్తికి ఆగిపోతుంది. కొన్ని దీర్ఘకాలిక వ్యాధులకు పొడిగింపు సదుపాయం ఉన్నా, దానికి రెండేళ్ల నిరంతర ఉద్యోగం చూపాలి. టెండరు మారిన ప్రతిసారీ యజమాని పేరు మారే శ్రామికుడికి ఆ నిరంతరతను నిరూపించడమే ఒక పరీక్ష. ఈ లెక్క తెలిసిన శ్రామికుడు నొప్పిని దాచుకొని పని చేస్తాడు. దాచిన నొప్పి ముదురుతుంది.

బరువు ఎంత, ఎక్కడ, ఎలా

నివారణ గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా వినిపించే ప్రశ్న "ఎన్ని కిలోలు మోయవచ్చు?" అన్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు వయోజన పురుషునికి 55 కిలోలను గరిష్ఠ పరిమితిగా సూచించింది. నాటి నుంచి విజ్ఞానం చాలా ముందుకు సాగింది. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నప్పుడు రెండు చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలు. అంటే వస్తువు శరీరానికి దగ్గరగా, సుమారు నడుము ఎత్తులో, మలుపు తిరగనవసరం లేకుండా, అరుదుగా ఎత్తవలసి ఉండాలి.

ఆ పరిస్థితులు ఒక్కొక్కటిగా తప్పితే ఏమవుతుందో అదే సూత్రం చెబుతుంది. వస్తువు శరీరానికి 25 సెంటీమీటర్ల దూరంలో కాక 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది. దానినే నేల మీద నుంచి ఎత్తవలసి వస్తే తొమ్మిది కిలోల లోపుకు తగ్గుతుంది. ఎత్తుతూ పక్కకు 45 డిగ్రీలు తిరగవలసి వస్తే ఏడున్నర కిలోలకు చేరుతుంది. నిమిషానికి పలుమార్లు ఎత్తితే ఇంకా తగ్గుతుంది. కన్వేయర్ కింద వంగి, చేతులు చాచి, పారను తిప్పి పక్కకు పోసే శ్రామికుడు ఈ ప్రతికూలతలన్నిటినీ ఒకేసారి ఎదుర్కొంటున్నాడు. అతని పారలోని బరువు చూసి "ఇదేం బరువు" అనుకునే పర్యవేక్షకుడు వెన్నెముక లెక్కను చూడటం లేదు.

చిన్న బరువులు కూడా కూడితే పెద్దవవుతాయి. సాధారణ అగ్ని ఇటుక ఒక్కటి నాలుగు కిలోల అటూ ఇటూ ఉంటుంది. ఒక షిఫ్టులో 500 ఇటుకలు పేర్చిన మేస్త్రీ చేతుల మీదుగా రెండు టన్నులు కదిలినట్లే. గాలిసుత్తి ప్రకంపనలు వేళ్ల రక్తనాళాలను, నరాలను దెబ్బతీస్తాయి. గట్టి నేల మీద మోకాళ్లూని చేసే పని మోకాలి చిప్ప వద్ద వాపుకు దారితీస్తుంది.

శ్రామికుని వెన్నును కొలవడం ఉక్కు పరిశ్రమకు కొత్త కాదు. అమెరికాలోని బెత్లహేం ఉక్కు కంపెనీలో ఫ్రెడరిక్ టేలర్ 19వ శతాబ్ది చివరలో పారకు ఎంత బరువు అనువైనదో కొలిచి, సుమారు పది కిలోలని తేల్చాడు. ఒక్కొక్కటి 40 కిలోలకు మించిన ఇనుప దిమ్మెలను శ్రామికుడు రోజుకు పన్నెండున్నర టన్నులకు బదులు 47 టన్నులకు పైగా మోయగలడని లెక్కగట్టి, 1911లో ప్రచురించిన తన గ్రంథంలో ఘనంగా వర్ణించాడు. ఆ కొలతల లక్ష్యం ఉత్పత్తి. అదే కొలబద్దను ఆరోగ్యం కోసం వాడమని అడగడమే నేటి డిమాండు.

శిక్షణ ఒక్కటే చాలదు

బరువు ఎత్తేటప్పుడు నడుము వంచకండి, మోకాళ్లు వంచండి అన్న పోస్టరు ప్రతి పారిశ్రామిక ప్రాంగణంలోనూ కనబడుతుంది. ఆ సలహాలో తప్పు లేదు. కానీ సలహాలు, శిక్షణల వల్ల మాత్రమే నడుమునొప్పి తగ్గుతుందనడానికి ఆధారాలు లేవని 2011లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. నడుముకు కట్టుకునే బెల్టులను నివారణ సాధనంగా సిఫారసు చేయలేమని అమెరికా పరిశోధన సంస్థ 1994లోనే ప్రకటించింది. కారణం స్పష్టమే. అడుగున్నర ఎత్తు మాత్రమే ఉన్న సందులో దూరి పొడిని ఎత్తే మనిషికి మోకాళ్లు వంచే చోటే ఉండదు.

ఫలితమిచ్చేది పనిని మార్చడం. దీనికి తెలుగువారికి సుపరిచితమైన ఉదాహరణ ధాన్యపు బస్తా. ఒకప్పుడు హమాలీ వీపు మీద క్వింటా బస్తా ఉండేది. ఆహారధాన్యాల సేకరణలో 50 కిలోల సంచి ప్రమాణంగా మారడంతో ఒక్కసారికి మోసే బరువు సగమైంది. ఏ హమాలీకీ పాఠం చెప్పనవసరం లేకపోయింది, సంచిని కుట్టే చోట నిర్ణయం మారింది. అయితే 50 కిలోలు కూడా 23 కిలోలకు రెట్టింపు కంటే ఎక్కువేనన్నది మరువరాదు. సిమెంటు బస్తా నేటికీ అదే బరువులో వస్తోంది.

కర్మాగారంలోనూ ఇలాంటి మార్పులకు భారీ పెట్టుబడి అవసరం లేదు. ఇటుకల దొంతరను నేల మీద కాక నడుము ఎత్తు బల్ల మీద ఉంచవచ్చు. మోసే చోట పెద్ద చక్రాల బండి, ఎక్కించే చోట చిన్న విద్యుత్ కప్పీ ఏర్పాటు చేయవచ్చు. పొడి రాలకుండా బెల్టు అంచులకు మరమ్మతు చేస్తే ఎత్తిపోసే పనే తగ్గుతుంది. పొడిని పీల్చే వాహనాలు, పొడవాటి పిడి గల పారలు, ప్రకంపనలను తగ్గించే పిడులు, మోకాలి మెత్తలు, కొలిమి చెంత తాగునీరు, నీడ, గంటగంటకూ విరామం, ఒకే కండరంపై భారం పడకుండా పనుల మార్పిడి, ఇవన్నీ సాధ్యమైనవే.

వైద్యం వైపు కూడా ఒక సవరణ అవసరం. మామూలు నడుమునొప్పికి దీర్ఘకాలం మంచానికి పరిమితం కావడం మేలు చేయదని, తేలికపాటి కదలికలు కొనసాగించాలని నేటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికి తేలికపాటి పని అందుబాటులో ఉండాలి. కాళ్లలో బలహీనత, మూత్ర విసర్జనపై అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి వంటి లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

యంత్రం వస్తే ఉపాధి పోతుందా?

వెన్నును కాపాడటానికి యంత్రం కావాలన్న మాట కార్మికవాడలో అనుమానాన్ని రేకెత్తిస్తుంది. దానికి చారిత్రక కారణం ఉంది. భిలాయ్‌కు ముడి ఇనుము అందించిన దల్లీ రాజహరా గనుల్లో 1970లలో వేలాది మంది చేతులతోనే రాయి పగలగొట్టి లారీలకు ఎత్తేవారు. 1977లో అక్కడ శంకర్ గుహ నియోగీ నాయకత్వాన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది. గనులను పూర్తిగా యాంత్రీకరించే ప్రతిపాదనను ఆ సంఘం వ్యతిరేకించింది. చేతిపని యథాతథంగా ఉండాలని మాత్రం కోరలేదు. ఉపాధిని నిలుపుతూ ఉత్పాదకతను పెంచే పాక్షిక యాంత్రీకరణ అనే ప్రత్యామ్నాయాన్ని ముందుకు తెచ్చింది. 1983లో కార్మికుల విరాళాలు, శ్రమదానంతో షహీద్ ఆసుపత్రి అక్కడ వెలసింది. 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో నియోగీ హత్యకు గురయ్యారు.

ఆ ఉద్యమం లేవనెత్తిన ప్రశ్న నేటికీ సజీవం. మనిషిని తొలగించే యంత్రం వేరు, మనిషి భారాన్ని తగ్గించే యంత్రం వేరు. పదిమంది స్థానంలో ఒక ఎక్స్‌కవేటర్‌ను తేవడం మొదటిది, పదిమందికి పది బండ్లు ఇవ్వడం రెండవది. కార్మిక సంఘాలు ఈ భేదాన్ని తమ చర్చల్లో స్పష్టంగా నిలిపితే, ఉపాధి భయం నివారణకు అడ్డు రాదు.

టెండరు పత్రమే కీలకం

ఇక్కడే సమస్య మూలం బయటపడుతుంది. కాంట్రాక్టు గడువు సాధారణంగా ఒకటి రెండేళ్లు. వెన్ను దెబ్బతినడానికి పట్టే కాలం ఎనిమిది, పదేళ్లు. నష్టం బయటపడే నాటికి కాంట్రాక్టరు ఉండడు. తక్కువ ధర పలికినవారికే పని దక్కే విధానంలో, బండ్లకు, కప్పీలకు, అదనపు మనుషులకు ఖర్చు పెట్టదలచిన కాంట్రాక్టరు పోటీలో ఓడిపోతాడు. అతని మంచితనాన్ని నమ్ముకొని నివారణ సాగదు. గడువులన్నిటినీ దాటి నిలిచి ఉండేది ప్రధాన యాజమాన్యం మాత్రమే. అందువల్ల బాధ్యత అక్కడే స్థిరపడాలి, అది టెండరు పత్రంలోనే కనబడాలి.

ఆచరణలో దీని అర్థం ఇది. ప్రతి పనికీ ఎత్తవలసిన బరువు, ఎత్తు, దూరం, ఎన్నిసార్లు అన్నది ముందే కొలిచి టెండరులో పేర్కొనాలి. ఒక్కరు ఎత్తదగిన పరిమితి దాటితే ఇద్దరినైనా, సాధనాన్నైనా తప్పనిసరి చేయాలి. ఆ సాధనాల ఖర్చును ధరల పోటీకి అతీతంగా, వేరే పద్దు కింద చెల్లించాలి. మనుషుల సంఖ్యను తగ్గించి మిగుల్చుకునే వీలు లేకుండా కనీస బృందాన్ని నిర్ణయించాలి. శ్రామికుని ఆరోగ్య దస్త్రం కాంట్రాక్టరు పేరుతో కాక అతని గేటు పాసు సంఖ్యతో కొనసాగాలి, యజమాని మారినా చరిత్ర చెరగకూడదు. నొప్పి చెప్పుకున్న మనిషికి మరుసటి రోజు పాసు నిలిచిపోదన్న హామీ ఉండాలి. ఈ చివరి హామీ లేనిదే మిగిలినవేవీ పనిచేయవు.

కొత్త కోడ్ ఇందుకు కొంత అవకాశం కల్పించింది. నిర్దేశిత వయసు దాటిన ఉద్యోగులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలు జరపాలని అది ఆదేశించింది. ఆ వయసును ప్రభుత్వం 40 ఏళ్లుగా ప్రకటించింది. కానీ ఇరవై ఏళ్లకే పార పట్టిన శ్రామికుని వెన్ను నలభై ఏళ్ల దాకా ఆగదు. బరువు పనుల్లో ఉన్నవారికి వయసుతో నిమిత్తం లేకుండా పరీక్షలు జరపడం, వాటిలో రక్తపోటు, ఎక్స్‌రేలతో పాటు నడుము, భుజాలు, మోకాళ్ల కదలికలనూ చూడటం అవసరం. కోడ్ కింద జాతీయ స్థాయిలో భద్రతా ప్రమాణాలను నిర్ణయించే అధికారం, వ్యాధుల షెడ్యూల్‌ను సవరించే అధికారం కేంద్రానికి ఉన్నాయి. ఆ షెడ్యూల్‌లో ముప్ఫయ్యో వ్యాధిగా కండరాల, కీళ్ల రుగ్మతలు చేరితే వైద్యుడు నమోదు చేయక తప్పదు. నమోదైనదే లెక్కలోకి వస్తుంది, లెక్కలోకి వచ్చిన దానికే బడ్జెట్ ఉంటుంది.

ఈ చర్చ భిలాయ్‌కే పరిమితం కాదు. విశాఖ ఉక్కులో కాంట్రాక్టు శ్రామికుల తొలగింపుపై 2025లో ఆందోళనలు జరిగాయి. ఉద్యోగమే దినదినగండమైన చోట నడుమునొప్పి గురించి నోరు విప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీలకు, కాకినాడ, విశాఖ రేవుల కళాసీలకు, హైదరాబాద్ చుట్టుపక్కల గోదాముల్లో సరకు ఎత్తే యువకులకు వర్తించే సూత్రం ఒకటే. 1700 సంవత్సరంలోనే ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ అసహజ భంగిమలు, తీవ్రమైన కదలికలు శ్రామికుల శరీరాలను కుంగదీస్తాయని గ్రంథస్థం చేశాడు. మూడు శతాబ్దాలు గడిచాక తెలియదని చెప్పే అవకాశం ఎవరికీ లేదు.

భిలాయ్‌లో తయారయ్యే ప్రతి రైలు పట్టాకూ బరువు, పొడవు, నాణ్యత కొలిచి ముద్ర వేస్తారు. ఎంత భారాన్ని ఎన్నేళ్లు మోయగలదో ముందే లెక్కగడతారు. ఆ లెక్కను పట్టాను తయారుచేసే మనిషికీ వర్తింపజేయడం ఇంజనీరింగ్‌కు అసాధ్యమేమీ కాదు. తదుపరి టెండరు పత్రంలో ఒక పేజీ చేర్చడంతో అది ఆరంభమవుతుంది.